బైబిలు స్టడీకి అందరూ వస్తున్నారు, సహవాసం మాత్రం కుదరడం లేదు: ఏం చేయాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. మీ సంఘంలో మూడు బైబిలు స్టడీ గుంపులు మొదలుపెట్టారు. రెండు ఏడాది తిరగకముందే ఆగిపోయాయి. మీరు నడుపుతున్న మూడో గుంపుకు ఇప్పటికీ 18 మంది వస్తున్నారు. కానీ వస్తారు, వింటారు, ముగింపు ప్రార్థనకు ఆమేన్ చెప్పి వెళ్ళిపోతారు. రెండేళ్ళుగా పక్కపక్కన కూర్చున్నవాళ్ళకు కూడా ఒకరి కష్టం ఒకరికి తెలియదు. "నేను ఇంకా బాగా సిద్ధపడాలా? ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. లోపం మీ సిద్ధపాటులో లేదు, పుస్తకంలోనూ లేదు. ఆదివారం ప్రసంగం లాంటిదే మరొకటి వారం మధ్యలో జరుగుతోంది, అంతే. ఒకరు మాట్లాడుతుంటే 17 మంది వింటున్నారు. అలా వింటే వాక్యజ్ఞానం పెరుగుతుంది, పక్కనున్న మనిషి మాత్రం పరిచయం కాడు. కాబట్టి నా సలహా ఇది: 18 మందిని రెండు గుంపులుగా చేయండి. బోధించడం తగ్గించి ప్రశ్నలు అడగండి. బైబిలులో ఒకే గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. కూడికకూ కూడికకూ మధ్య ఉన్న ఆరు రోజుల్లో ఒకరినొకరు పలకరించుకునే ఏర్పాటు చేయండి. ఈ నాలుగింటిలో జనం సాధారణంగా వదిలేసేది చివరిదే. నా అనుభవంలో గుంపు బతకడం, చావడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను 22 ఏళ్ళుగా ఇలాంటి గుంపులు నడుపుతున్నాను, నడిపేవాళ్ళకు తర్ఫీదు ఇస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు మీరు ఇప్పుడు చేస్తున్నదే చేశాను. వారానికి ఆరేడు గంటలు చదివి, పేజీల కొద్దీ నోట్సు రాసుకుని వెళ్ళేవాణ్ణి. అందరూ "చాలా బాగా చెప్పారు" అనేవారు. ఆ నాలుగేళ్ళలో మా గుంపులో ఒక సోదరి తల్లి చనిపోయింది. ఆ సంగతి నాకు మూడు వారాల తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిసింది. మధ్యలో రెండు కూడికలకు ఆమె వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నోట్సు రాసుకుని వెళ్ళింది. ఆ విషయం తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి నుంచే పద్ధతి మార్చుకోవడం మొదలైంది.

ముందు సంఖ్య సంగతి చూద్దాం. ఎనిమిది మంది కూర్చున్న చోట ఇద్దరిద్దరి మధ్య ఏర్పడగల పరిచయాలు 28. పన్నెండు మందికి అవి 66 అవుతాయి. మీ 18 మందికి 153. యోహాను సువార్త చివరి అధ్యాయంలో వలలో పడిన చేపలు కూడా సరిగ్గా 153. అక్కడ వల పిగలలేదు గానీ, మన చేతిలోని వల అన్నింటిని మోయలేదు. ఇంకోలా చూడండి. గంటసేపు మాటలు నడిచాయనుకుంటే 18 మందిలో ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 3 నిమిషాల పైచిలుకు. ఎనిమిది మందే ఉంటే ఏడున్నర నిమిషాలు. మాట్లాడటానికి భయపడే మనిషికి మూడు నిమిషాల్లో నోరు పెగలదు.

మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి ఆపాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, చివరికి పదిమందికి ఒక్కో అధికారిని నియమించమన్నాడు (నిర్గమకాండము 18). యేసు దగ్గరకు జనసమూహాలు వచ్చినా తన వెంట ఉండటానికి నియమించుకున్నది పన్నెండు మందినే. నేను ఎనిమిది నుంచి పదిమంది దగ్గర ఆగుతాను. పన్నెండు దాటితే రెండో నాయకుణ్ణి సిద్ధం చేయడం మొదలుపెడతాను.

విడగొట్టేటప్పుడు కాగితం మీద తొమ్మిది, తొమ్మిది అని గీత గీయకండి. ముందు రెండో గుంపును నడపగల ఒకరిని చూసుకోండి. బాగా మాట్లాడేవారిని కాదు, బాగా వినేవారిని ఎంచుకోండి. ఆ వ్యక్తి రెండు మూడు నెలలు మీ పక్కనే కూర్చుని, నెలకు రెండు కూడికలు నడపాలి. మొదట్లో తడబడతారు, తడబడనివ్వండి. విడిపోయే రోజున కొందరు బాధపడతారు. మీరు ఇప్పుడున్న స్థితిలో ఎవరూ బాధపడకపోవచ్చు కూడా. అదొక్కటి చాలు మీ గుంపు ఎక్కడుందో తెలియడానికి.

ఇక ప్రశ్నల విషయం. ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

నేను ప్రతి భాగానికి మూడు మెట్లలో వెళతాను. వాక్యంలో ఏముంది? దాన్ని మొదట విన్నవాళ్ళకు అది ఏం చెప్పింది? ఈ వారం నా బతుకులో దానికి నేను ఏం జవాబు ఇవ్వాలి? చాలామంది నాయకులు మొదటి రెండూ దాటేసి నేరుగా "ఈ వచనం చదివితే మీకు ఏమనిపించింది?" అని అడుగుతారు. అలా మొదలైతే అనిపించినవన్నీ బయటికి వస్తాయి, వాక్యం పక్కకు పోతుంది. "యేసు మనల్ని ప్రేమిస్తున్నాడా?" లాంటి ప్రశ్నకు అవును తప్ప వేరే జవాబు లేదు, అక్కడితో మాట ఆగిపోతుంది. "ఈ భాగంలో ఎవరెవరు ఉన్నారు? ఎవరు ఏం చేశారు? ఏ మాట రెండుసార్లు వచ్చింది? ఇక్కడ మీరు ఊహించనిది ఏమిటి?" అని అడగండి. వీటికి ఎవరైనా జవాబు చెప్పగలరు. నిన్న సంఘంలో అడుగుపెట్టిన మనిషి, నలభై ఏళ్ళ విశ్వాసి ఒకే వరుసలోకి వస్తారు.

ప్రశ్న అడిగాక మౌనంగా ఉండండి. మనసులో పది వరకు లెక్కపెట్టండి. నాయకుడికి ఆ పది క్షణాలు పది నిమిషాల్లా ఉంటాయి, తన ప్రశ్నకు తానే జవాబు చెప్పేస్తాడు. అలా రెండుసార్లు జరిగితే గుంపు నేర్చుకునేది ఒక్కటే: మనం మాట్లాడనవసరం లేదు, ఆయనే చెబుతాడు. జవాబు వచ్చాక కూడా "సరిగ్గా చెప్పారు", "అది కాదు" అని మార్కులు వేయకండి. "ఆ మాట మీకు ఎక్కడ కనిపించింది?" అని అడగండి, అందరి కళ్ళూ మళ్ళీ బైబిలు మీదికి వెళతాయి. లేదా "మిగతావాళ్ళు ఏమంటారు?" అని అడిగి ఊరుకోండి.

ఒక సందర్భం చెబుతాను. ఆ సోదరి అనుమతితోనే రాస్తున్నాను. మార్కు సువార్త 4వ అధ్యాయం చివర, తుపానులో దోనెలో నిద్రపోతున్న యేసును శిష్యులు లేపితే ఆయన దాన్ని నిమ్మళింపజేసిన భాగం చదువుతున్నాం. ఆమె అప్పటికి ఐదు వారాలుగా వస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు. "ఈ భాగంలో మీకు ఏమేమి కనిపిస్తున్నాయి?" అని అడిగాను. ఒకరు అలలన్నారు, ఒకరు గాలి అన్నారు. ఒక కుర్రవాడు "తలగడ" అన్నాడు. ఇదే సంగతిని మత్తయి, లూకా కూడా రాశారు గానీ తలగడ గురించి రాసింది మార్కు ఒక్కడే. వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయని రాసిందీ ఆయనే. ఆ దోనెలవాళ్ళ గతి ఏమైందని కాసేపు మాట్లాడుకున్నాం. అప్పుడు ఆమె తల దించుకునే అంది: "నీకు చింతలేదా అని అడిగారు కదా. ఆ మాట అడగవచ్చని నాకు తెలియదు."

ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆమే చెప్పింది. తన మూడేళ్ళ కూతురికి వినికిడి లేదని రెండు నెలల క్రితం డాక్టర్లు తేల్చారు. అప్పటి నుంచి ప్రార్థన చేయలేకపోతోంది. నా ఒళ్ళో ఉన్న నోట్సులో ఆ వచనానికి మంచి వివరణ ఉంది. శిష్యుల అవిశ్వాసం గురించి, ప్రభువు గద్దింపు గురించి రాసుకున్నాను. దాన్ని చదివి ఉంటే ఆమె మళ్ళీ వచ్చేది కాదు. నేను ఏం చెప్పాలో తోచక ఉండగా, మా గుంపులో అందరికన్నా పెద్దాయన మెల్లగా అడిగారు: "పాప పేరు ఏమిటమ్మా?"

ఆమె పేరు చెప్పింది. ఆయన తన బైబిలు చివరి అట్ట లోపల ఆ పేరు రాసుకున్నారు. ఆ రోజు మేము 41వ వచనం దాకా వెళ్ళలేదు, తర్వాతి వారం వెళ్ళాం. మా గుంపు కుటుంబమైంది ఆ ప్రశ్నతోనే అని నేను నమ్ముతున్నాను. ఆ ప్రశ్న అడిగింది నేను కాదు. ఆయనకు దాన్ని అడిగే చోటు దొరికింది, నేను నోరు మూసుకుని ఉండటం వల్ల.

నాయకుడు సిద్ధపడనక్కరలేదని దీని అర్థం కాదు. రెండింతలు సిద్ధపడాలి. ప్రశ్న తయారుచేయడం వివరణ రాయడంకన్నా కష్టం. వాక్యభాగం లోతుగా తెలిసినవాడే ఏది వదిలేయవచ్చో తెలుసుకుంటాడు.

తప్పు జవాబు వస్తే? వస్తుంది, కంగారుపడకండి. చాలా తప్పులను ఆ వాక్యభాగమే మూడు వచనాల కింద సరిదిద్దుతుంది. "కిందికి చదువుదాం" అంటే చాలు. విశ్వాస మూలాలకే విరుద్ధమైనది అయితే అక్కడికక్కడే మృదువుగా, స్పష్టంగా చెప్పాలి, వదిలేయకూడదు. కానీ మనిషిని నలుగురిలో ఓడించకండి. అపొల్లో గొప్ప వక్త, అతనికి తెలిసింది కొంత అసంపూర్ణం. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అతన్ని చేర్చుకుని విడిగా దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొస్తలుల కార్యములు 18:26). సమాజమందిరంలో లేచి నిలబడి ఖండించలేదు.

పాఠ్యపుస్తకం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. మంచి ప్రశ్నల పుస్తకాలు ఉన్నాయి, వాడుకోండి. అయితే అంశాలవారీ పాఠాలకన్నా ఒక గ్రంథాన్ని వరుసగా చదవడమే నాకు ఇష్టం. కారణం చెబుతాను. ఒకసారి మా గుంపులో ఇద్దరు సోదరీల మధ్య మాటలు లేవు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేను "సమాధానపడుట" అనే అంశం ఎంచుకుని ఉంటే ఇద్దరికీ అది తమ మీద విసిరిన రాయిలా తగిలేది. మేము ఫిలిప్పీయులకు రాసిన పత్రికను వారానికి కొంచెం చొప్పున చదువుతూ వచ్చాం. నాలుగో అధ్యాయం రెండో వచనంలో పౌలు యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేరు పెట్టి ఏకమనస్సుతో ఉండమని బతిమాలుతాడు. ఆ వారం అది వచ్చింది, ఎవరూ ఎంచుకోలేదు. ఎవరూ ఆ ఇద్దరి వైపు చూడలేదు. కూడిక అయ్యాక వాళ్ళిద్దరూ బయట చాలాసేపు నిలబడి ఉండటం చూశాను. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనక్కరలేదు.

కొత్త గుంపుకు మార్కు సువార్త మంచిది, 16 అధ్యాయాలే, కథనం వేగంగా సాగుతుంది. తక్కువ కాలం కావాలంటే ఫిలిప్పీయులకు లేదా రూతు, ఒక్కొక్కటి నాలుగు అధ్యాయాలు. యాకోబు పత్రిక కూడా బాగుంటుంది, మనుషులు అప్పటికే కొంత దగ్గరైతే. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టకండి. భాగాన్ని ఎంచుకునేటప్పుడు వచనాల అంకెలకు కట్టుబడకండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దానిది. కొత్త నిబంధనలో నేడు మనం చూసే వచనాల అంకెలు 1551లో రొబేర్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. మార్కు రాసింది కథ, పౌలు రాసింది ఉత్తరం. ఉత్తరాన్ని ఎవరూ ఒక్కో వాక్యం తెంపి చదవరు కదా.

చదవడం గురించే మరో మాట. వరుసగా ఒక్కొక్కరు ఒక్కో వచనం చదివే అలవాటు చాలా గుంపుల్లో ఉంది. దయచేసి మానుకోండి. మా గుంపులో ఒకాయన ప్రతివారం తన వంతు రాగానే "కళ్ళజోడు మరిచిపోయాను" అనేవారు. ఆరు వారాలకు గాని నాకు అర్థం కాలేదు, ఆయనకు చదవడం రాదని. ప్రతి వారం ఆ గదికి వచ్చేముందు ఆయన ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అప్పటి నుంచి ఇష్టపడినవాళ్ళు ఇద్దరు భాగమంతా రెండుసార్లు పైకి చదువుతారు, మిగతావాళ్ళం వింటాం. ఆయన మాకందరికన్నా బాగా వినేవారు. ఏ మాట మళ్ళీ వచ్చిందో ముందు పట్టుకునేది ఆయనే. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడూ వినేవారూ ధన్యులని ఉంది. ఒకరు చదివితే పలువురు వినడం తొలి సంఘాల పద్ధతి.

ఇప్పుడు ఆ ఆరు రోజుల సంగతి.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరుల "క్లాసు"ల గురించి చాలామంది వినే ఉంటారు. పన్నెండు మందికి ఒక నాయకుడు, వారం వారం కూడిక. అవి ఎలా పుట్టాయో తక్కువమందికి తెలుసు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో తాము కట్టుకున్న మందిరం మీద అప్పు ఎలా తీర్చాలని కూర్చుని ఆలోచించారు. ఒకాయన లేచి ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలన్నాడు. చాలామంది పేదవాళ్ళు, ఇవ్వలేరని మరొకరు అన్నారు. అప్పుడు ఆ మొదటాయన అత్యంత పేదలైన పదకొండు మందిని తనకు అప్పగించమన్నాడు. వారం వారం వాళ్ళ దగ్గరకు వెళతాను, ఇవ్వలేనివాళ్ళ వంతు నేనే ఇస్తాను అన్నాడు. మిగతావాళ్ళూ అలాగే తలా కొంతమందిని తీసుకున్నారు. అలా పెన్నీల కోసం ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో, ఎవరు విశ్వాసంలో జారిపోతున్నారో కళ్ళకు కట్టింది. వెస్లీకి అర్థమైంది, తాము ఎంతో కాలంగా వెతుకుతున్నది ఇదేనని. కొంతకాలానికి ఆ ఇంటింటి పలకరింపు వారం వారం కలిసి కూర్చునే కూడికగా మారింది.

చూడండి, అక్కడ పలకరింపు ముందు వచ్చింది, కూడిక తర్వాత. మనం కూడిక ముందు పెట్టి పలకరింపును మరిచిపోతాం.

నేను చేసే ఏర్పాటు చాలా మామూలుది. గుంపులో ఇద్దరిద్దరు లేదా ముగ్గురు ముగ్గురు, పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో, మూడు నెలలకు జత అవుతారు. వారంలో ఒక్కసారైనా ఫోను చేసి మాట్లాడుకోవాలి. వాట్సాప్‌లో అందరికీ ఒక వాక్యం పంపడం దీనికి సాటి రాదు. నా దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ఎవరు దేనికోసం ప్రార్థించమన్నారో తేదీతో రాసుకుంటాను. వచ్చే కూడికలో మొట్టమొదట అడిగేది అదే: "మీ తమ్ముడి ఇంటర్వ్యూ ఏమైంది?" మనం అడిగింది ఒకరు గుర్తుపెట్టుకున్నారు అన్న ఒక్క సంగతి మనుషుల్ని ఎంతగా తెరుస్తుందో మాటల్లో చెప్పలేను. పదేళ్ళ నాటి ఆ పుస్తకాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కొన్ని పేజీల్లో పక్కన "జవాబు వచ్చింది" అని, కొన్నిటిలో ఏమీ లేకుండా ఖాళీగా ఉంది. ఖాళీ ఉన్నవాటి కోసం ఇంకా ప్రార్థిస్తున్నాం.

ఎవరైనా రాకపోతే మర్నాడు సాయంత్రంలోగా ఫోను వెళ్ళాలి. "ఎందుకు రాలేదు?" అని అడగకండి, అది హాజరుపట్టీ అవుతుంది. "నిన్న మీకోసం చూశాం, బాగున్నారా?" అంటే చాలు.

ఇక జాగ్రత్తలు. ఇవి రాయకుండా ముగిస్తే నేను మీకు సగమే చెప్పినట్టు.

గుంపులో విన్నది గుంపు దాటకూడదు. ఈ మాట మొదటి రోజే పైకి చెప్పాలి, కొత్తవారు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ చెప్పాలి. ఒకప్పుడు మా గుంపులో ఒక సోదరుడు తన అప్పుల సంగతి ఏడుస్తూ చెప్పుకున్నాడు. పది రోజుల్లో సంఘమంతా పాకింది. చెడుగా ఎవరూ చెప్పలేదు, "ఆయన కోసం ప్రార్థించండి" అంటూనే చెప్పారు. చాడీ చాలాసార్లు ప్రార్థన మనవి వేషంలోనే తిరుగుతుంది. నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. క్షమించాడు. గుంపుకు మాత్రం ఇక రాలేదు. ఆ గుంపు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అప్పటి నుంచి మా నియమం: ఎవరి కోసం ప్రార్థన అడిగినా అది తన గురించే అయి ఉండాలి, లేదా ఆ మనిషి అనుమతి ఉండాలి.

దీనికి మినహాయింపు ఉంది, అది కూడా ముందే చెప్పాలి. చిన్నపిల్లలకు హాని జరుగుతోందని, ఇంట్లో కొడుతున్నారని, ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే అది రహస్యంగా ఉంచేది కాదు. దెబ్బలు తింటున్న స్త్రీని "ఓర్చుకో, ప్రార్థన చేయి" అని ఇంటికి పంపడం పాపం. ముందు ఆమెకు భద్రత, ఆ తర్వాతే మిగతా మాటలు. నాయకుడు వైద్యుడు కాదు, పోలీసు కాదు, వకీలు కాదు. ఎవరి దగ్గరకు తీసుకువెళ్ళాలో తెలిసి ఉండి, తోడు వెళ్ళగలిగితే చాలు. పాపపు ఒప్పుకోలు కూడా పదిమంది ముందు జరగనక్కరలేదు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసిన మాట ఆ ఇద్దరు ముగ్గురి జతల్లోనే క్షేమంగా నెరవేరుతుంది.

అందరి వంతూ తానే మాట్లాడేవారు ప్రతి గుంపులో ఒకరుంటారు. వాళ్ళను ఎదురుగా కూర్చోనివ్వకుండా మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. కళ్ళు కలవకపోతే మాట కొంత తగ్గుతుంది. అదీ చాలకపోతే విడిగా కలిసి, "మాట్లాడని ముగ్గురిని మాట్లాడించడానికి నాకు మీ సాయం కావాలి" అని అడగండి. నేను అడిగినవాళ్ళలో దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

గుంపు సంఘానికి పోటీ కాకూడదు. 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ యాకోబ్ స్పెనర్ అనే లూథరన్ కాపరి తన ఇంట్లో ఇలాంటి కూడికలే మొదలుపెట్టాడు. సంఘాన్ని లోపలి నుంచి బతికించాలన్నదే ఆయన తపన. వాటివల్ల ఎంతో మేలు జరిగింది. కానీ కాలక్రమంలో అక్కడి వారిలో కొందరు తామే నిజమైన విశ్వాసులమనుకుని సంఘం నుంచి విడిపోయారు, ఆయన ఎంత చెప్పినా ఆగలేదు. నలుగురు దగ్గరైతే నలుగురే చాలనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి మీ కాపరికి గుంపులో ఏ గ్రంథం చదువుతున్నారో తెలియాలి, గుంపుల నాయకులంతా నెలకొకసారి ఆయనతో కూర్చోవాలి, గుంపులో ఎప్పుడూ కొత్తవారికి ఒక ఖాళీ కుర్చీ ఉండాలి. కాపరికీ ఒక మనవి: ప్రతి గుంపులోనూ తానే మాట్లాడాలని అనుకోవద్దు. ఆయన ఒక్కడే మోయలేడని యిత్రో ఎప్పుడో చెప్పాడు.

ఆగిపోయిన మీ రెండు గుంపుల గురించి మీరు ఎక్కువ రాయలేదు. ముగింపు తేదీ లేకుండా మొదలయ్యాయేమో చూడండి. అంతం లేని పని ఒప్పుకుంటే మనిషి చెప్పకుండా తప్పుకుంటాడు. 10 లేదా 12 వారాలు అని ముందే చెప్పి, ఆఖరున రెండు వారాలు విరామం ఇచ్చి, మళ్ళీ ఎవరు కొనసాగుతారో అడగండి. కూడిక గంటన్నర మించకూడదు: మొదట 15 నిమిషాలు పోయిన వారం సంగతులు, 45 నిమిషాలు వాక్యం, అరగంట ప్రార్థన. చెప్పిన వేళకు ముగించండి. చిన్నపిల్లల తల్లులు, పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళు మీకు పైకి చెప్పరు గానీ, వేళ తప్పితే మెల్లగా రావడం మానేస్తారు.

వయసులవారీగా విడగొట్టమని కొందరు సలహా ఇస్తారు. యువకులకు విడిగా ఒక కూడిక ఉండవచ్చు. కానీ ఆ రోజు "పాప పేరు ఏమిటమ్మా?" అని అడిగింది డెబ్బై దాటిన మనిషి, తలగడను చూసింది పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండటం నాకు ముఖ్యం.

ఇవన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టకండి. ఈ వారం ఒక కాగితం తీసుకుని ఆ 18 పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన, ఇప్పుడు ఆ మనిషి జీవితంలో నడుస్తున్న ఒక సంగతి రాయండి: ఉద్యోగమో, అనారోగ్యమో, పిల్లల చదువో, సంతోషమో. ఎవరి పక్కన ఏమీ రాయలేకపోయారో వాళ్ళకు ముందు ఫోను చేయండి. గుంపును విడగొట్టే విషయం కాపరితో ఆ తర్వాత మాట్లాడవచ్చు. మార్కు మొదటి నాలుగు అధ్యాయాలకు నేను వాడే ప్రశ్నలు కావాలంటే అడగండి, ఇక్కడే రాసి పెడతాను.